కరుణ కార్డు

సిస్టర్ జసింతకి మనుషుల మీద నమ్మకం కుదిరేది కాదు.

ఆ సంగతి ఆమె దాచుకోలేదు. పంటి వైద్యం చదువుకుని, ఆ తర్వాత మఠంలో చేరి, సన్యాసినిగా తొలి మాటపట్టు, అంటే వ్రతం, తీసుకున్నాక ఆమెను పల్నాటి వైపు ఒక ఊళ్లో కాన్వెంటువాళ్లు నడిపే పంటి ఆసుపత్రికి పంపారు. వచ్చిన కొత్తలోనే రోజమ్మ మదర్ దగ్గరికి వెళ్లి చెప్పేసింది.

"మదర్, నాకు ఎవరేం చెప్పినా ముందు అబద్ధంలాగే వినపడుతుంది. పాపసంకీర్తనంలో కూడా చెప్పుకున్నాను. ఫాదరు ప్రార్థన చేసుకోమన్నారు. చేసుకుంటూనే ఉన్నాను. అయినా ఎవరైనా వచ్చి 'లేనోళ్లమమ్మా, కాస్త తగ్గించండి' అనగానే నా కళ్లు వాళ్ల మెడ మీదికి పోతాయి."

రోజమ్మ మదర్ వసారాలో కూర్చుని దూది ఉండలు చుడుతోంది. ఆ ఆసుపత్రి ఆమె చేతుల మీద పెరిగింది. చుట్టుపక్కల ఊళ్లలో సగంమంది దవడలు ఆమెకు తెలుసు. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి కాబట్టి పళ్లు పీకటం మానేసి, దూది చుడుతోంది.

"పోతే ఏం కనపడుతుంది?" అని అడిగింది.

"ఒక్కోసారి గొలుసు."

"మిగతాసార్లు?"

"దాచుకున్న గొలుసు."

మదర్ నవ్వింది. జసింతకి నవ్వు రాలేదు.

"నవ్వకండి మదర్. ఎవరు నిజం చెప్తున్నారో, ఎవరు చెప్పటం లేదో తెలుసుకోవటం ఎట్లా?"

మదర్ చేతిలోని ఉండ చుట్టటం పూర్తిచేసి, డబ్బాలో వేసింది. ఇంకో ఉండకి దూది అందుకుంది.

అప్పటిదాకా ఆ ఆసుపత్రిలో రాయితీ అంటే రోజమ్మ మదర్ నోటిమాటే. వచ్చినవాళ్ల నోట్లోకి చూసేది, ఆ తర్వాత ముఖంలోకి చూసేది. "నువ్వు సగం ఇస్తే చాలు" అనేది. "ఈసారికి ఊరుకో" అనేది. "నువ్వు మొత్తం ఇచ్చుకోగలవులే, ఆ మాత్రం దానికి ఏడవకు" అని కూడా అనేది. ఆ మాట పడ్డవాళ్లు కూడా మళ్లీ అక్కడికే వచ్చేవాళ్లు.

పెద్ద మఠంలో లెక్కలు చూసేవాళ్లకి ఇది నచ్చలేదు. ఎవరికి తగ్గించారు, ఎందుకు తగ్గించారు అన్నది కనపడాలి కదా అన్నారు. ఒక కంప్యూటరూ, దానిలో ఆసుపత్రి పనులన్నీ చూసుకునే సాఫ్ట్‌వేరూ పంపించారు. ఇకమీదట రాయితీ ఏదైనా అందులో ఒక పథకంగా పెట్టి, దాని ప్రకారమే ఇవ్వాలని కబురు చేశారు.

మదర్ జసింతని పిలిచింది.

"అది నువ్వు పెట్టు."

"ఎవరెవరికి ఇవ్వాలి మదర్?"

"నీకు తృప్తి కలిగేట్టు పెట్టు."

"నాకు తృప్తి కలగాలంటే చాలా నియమాలు పెట్టాల్సొస్తుంది."

"పెట్టు మరి," అంది మదర్.

పని మొదలుపెడితే నిజానికి అంత కష్టమేం కాదు. ముందు పథకానికి పేరు పెట్టాలి. 'కరుణ' అని పెట్టింది. అది బీమా కాదు, ఎవరికీ బిల్లు పంపే పని లేదు, రోగి దగ్గరే తగ్గించేది అని గుర్తు పెట్టాలి. పెట్టింది. మామూలు ధరల పట్టిక పక్కన ఇంకో పట్టిక తెరిచి, పన్ను పీకటానికి ఇంత, గుంట పూడ్చటానికి ఇంత, కట్టుడు పళ్లకి ఇంత అని తగ్గించిన ధరలు ఎక్కించాలి. ఎక్కించింది. ఇంటి పెద్ద పేరున ఒక కార్డు ఇచ్చి, ఆ ఇంటివాళ్లని దాని కింద చేర్చాలి. మధ్యాహ్నం భోజనం గంట కొట్టేలోపు అంతా అయిపోయింది.

అయిపోయిందని లేవబోయి, మళ్లీ కూర్చుంది.

ఒకరి కార్డు ఇంకొకరు తెస్తే? ఫొటో ఉండాలని పెట్టింది. ఉన్నవాళ్లే లేనివాళ్లమని వస్తే? తెల్ల రేషన్ కార్డు చూపించాలని పెట్టింది. ఊళ్లో వాళ్లందర్నీ ఇంటివాళ్లని చెప్పుకుంటే? ఒక్కొక్కరూ కార్డు మనిషికి ఏం వరసో రాయాలని పెట్టింది. వరస అబద్ధం చెప్తే? దానికీ రుజువు కావాలని పెట్టింది. రుజువు రేపు తెస్తామని చెప్పి ఈ రోజు వైద్యం చేయించుకుని పోతే?

దానికీ ఆ సాఫ్ట్‌వేరులో ఒక గడి ఉంది. అందులో టిక్కు పెడితే, రుజువు సరిచూసేదాకా ఆ మనిషి ఫైలు తెరుచుకోదు. జసింత టిక్కు పెట్టింది. ఆ తాళం తన పాస్‌వర్డుతో తప్ప రాకుండా చేసింది.

ఇదంతా అయ్యేసరికి చాలా రోజులు పట్టింది. రోజూ ఒక కన్నం కనపడేది, రోజూ ఒకటి పూడ్చేది. పూడ్చినకొద్దీ ఇంకోటి కనపడేది.

గుమ్మంలో బల్ల మీద ఆ కంప్యూటర్ పెట్టుకుని ఇన్నయ్య కూర్చునేవాడు. ఆ ఊరివాడే. చీటీలు రాయటం, వచ్చినవాళ్లని వరసలో లోపలికి పంపటం అతని పని. ఊళ్లో అందరూ తెలిసినవాడు కావటమే జసింతకి అతనిలో కనపడ్డ మొదటి తప్పు.

రెండో తప్పు శౌరయ్య.

శౌరయ్య మిరప కోతల మేస్త్రీ. కోతల కాలంలో ఆదోని వైపు నుంచి కూలీలను లారీలో తెచ్చి, చేల గట్ల మీద పాకలు వేయించి, కోత అయ్యేదాకా వాళ్లని నడిపేవాడు. అతనికీ కరుణ కార్డు ఉంది. భార్యని తెచ్చాడు, తల్లిని తెచ్చాడు. అది బాగానే ఉంది. ఆ తర్వాత ఒక చెల్లెల్ని తెచ్చాడు. ఇంకో చెల్లెల్ని తెచ్చాడు. వదిన అని ఒకావిడని తెచ్చాడు. మళ్లీ ఒక చెల్లెలు. అప్పటికింకా వరస రుజువు నియమం పెట్టలేదు కాబట్టి అందరికీ వైద్యం జరిగిపోయింది.

జసింత ఒకరోజు ఇన్నయ్యని అడిగింది.

"శౌరయ్యకి ఎంతమంది చెల్లెళ్లు?"

ఇన్నయ్య మీట నొక్కబోయినవాడు ఆగిపోయాడు.

"ఉంటారండీ సిస్టర్. పెద్ద కుటుంబం."

"నువ్వు చూశావా వాళ్లందర్నీ?"

"చూడకేం," అన్నాడు. కానీ తెర వంక చూస్తూ అన్నాడు, ఆమె వంక చూడలేదు.

ఆ రోజు నుంచి జసింత అతన్ని కూడా కనిపెట్టటం మొదలుపెట్టింది. కిటికీలోంచి చూస్తే ఎదురుగా టీ బంకు. ఇన్నయ్యా, శౌరయ్యా ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగటం కనపడింది. టీ తాగటం నేరం కాదు. కానీ శౌరయ్య ఏదో చెప్తున్నాడు, ఇన్నయ్య తల అడ్డంగా ఊపుతున్నాడు. శౌరయ్య అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఏమని ఉంటాడు? ఎంత ఇస్తానని ఉంటాడు? జసింత కిటికీ రెక్క దగ్గరగా వేసి, సందులోంచి చూసింది.

సాయంత్రం జపమాల చెప్పుకునేటప్పుడు కూడా ఆమెకి ఆ బెంచీయే కనపడింది.

ఒక ఉదయం రోజమ్మ మదర్ పక్క ఊళ్లో ఎవరిదో సమాధి పూజకి వెళ్లింది. ఆసుపత్రి జసింత మీద ఉంది. అప్పుడు వచ్చాడు శౌరయ్య, పక్కన ఇంకో ఆడమనిషితో.

ముప్పై దాటని మనిషి. మిరపకాయల ఘాటుకి కళ్లు ఎర్రగా ఉన్నాయి. కొంగు తల మీదుగా తెచ్చి, చెంపలూ దవడా కప్పేట్టు లాగి, చేత్తో పట్టుకుని నిలబడింది.

"మా చెల్లెలండీ సిస్టరమ్మా," అన్నాడు శౌరయ్య. "పన్ను నొప్పంటోంది."

ఇన్నయ్య కంప్యూటర్ వంక చూశాడు. "సిస్టర్, వరస రుజువు అడుగుతోంది."

జసింత లోపలి గదిలోంచి గుమ్మంలోకి వచ్చింది. మొదట చూసింది ఆ కొంగుని. ముఖం ఎందుకు దాచుకుంటోంది? ఇంతకుముందు ఇంకో పేరుతో వచ్చి ఉంటుంది.

"పేరేంటమ్మా?"

ఆమె పెదవులు కదిలాయి కానీ మాట సరిగ్గా రాలేదు. శౌరయ్య అందుకున్నాడు. "సుందరమ్మండీ."

"నిన్నడగలేదు."

జసింత ఆమె దగ్గరగా జరిగింది. ఆమె మాట్లాడటం లేదు. మాట్లాడితే యాస బయటపడుతుందని, అనుకుంది జసింత. కొంగు కొసతో మాటిమాటికీ పెదవులు తుడుచుకుంటోంది. భయం, అనుకుంది. గుటక వేయటానికి ఆగి, కళ్లు మూసుకుంటోంది. దొరికిపోతానని, అనుకుంది. నుదుటి మీద పచ్చబొట్టు. శౌరయ్య ఇంట్లో ఆడవాళ్లెవరికీ పచ్చబొట్టు లేదు.

"శౌరయ్యా, మీ అమ్మ పేరేంటి?"

"మీకు తెలీందేముందండీ. మరియమ్మ."

"నువ్వు చెప్పమ్మా. మీ అమ్మ పేరు?"

ఆమె శౌరయ్య వంక చూసింది. నేల వంక చూసింది. పళ్లు కరుచుకున్నట్టుగానే ఉంచి, సందులోంచి అంది.

"లచ్చుమక్క."

 ఇన్నయ్య తల వంచుకున్నాడు. జసింత గుండెలో ఏదో చల్లగా దిగింది. ఎన్నాళ్లుగానో వెతుకుతున్న వస్తువు చేతికి తగిలినట్టయింది.

"కార్డు మీద కుదరదు," అంది. గొంతు పెంచలేదు. "మామూలు ధర కట్టి చేయించుకోండి. లేదంటే ఆవిడ సొంత కాగితాలు తెచ్చుకుని రమ్మనండి, ఆవిడ పేరునే కార్డు ఇస్తాను. అబద్ధం మీద మాత్రం ఇవ్వను."

శౌరయ్య ముఖం మాడిపోయింది. "పద," అన్నాడు ఆమెతో.

అతను మెట్లు దిగిపోయాడు. ఆమె గుమ్మంలో ఆగింది. జసింతని దాటి, లోపల గదిలో వెలుగుతున్న దీపం కింద ఖాళీగా ఉన్న కుర్చీ వంక చూసింది. ఏదో అనబోయింది. మళ్లీ కొంగు దవడకి అదుముకుని వెళ్లిపోయింది.

సాయంత్రం మదర్ వచ్చింది. చెప్పులు విడుస్తుండగానే జసింత అంతా చెప్పింది. చెల్లెళ్ల సంగతి, తల్లి పేర్ల సంగతి, ఇన్నయ్య తల వంచుకోవటం. చెప్తుంటే ఆమె బుగ్గలు వేడెక్కాయి.

మదర్ అడ్డం రాకుండా విన్నది.

"తృప్తి కలిగిందా?" అంది.

"కలిగింది మదర్."

"మంచిది. ఏ పన్ను?"

జసింతకి అర్థం కాలేదు. "ఏంటి మదర్?"

"ఆ అమ్మాయికి నొప్పి ఏ పన్ను?"

"పన్ను చూడలేదు మదర్. కార్డు దగ్గరే తేలిపోయిందిగా."

మదర్ రెండో చెప్పు విడవలేదు. విడిచిన చెప్పులోకే మళ్లీ కాలు దూర్చి, గుమ్మం వైపు నడిచింది.

"ఇన్నయ్యా! ఆ అమ్మాయి ఎక్కడుందో చూసి తీసుకురా."

ఇన్నయ్య మారుమాట్లాడకుండా మోపెడ్ తీశాడు. చీకటి పడేముందు ఒక్కడే తిరిగొచ్చాడు. ఆ చేలో కోత అయిపోయి కూలీలు వేరే చేలోకి మారారట, ఎక్కడికో చెప్పేవాళ్లు లేరట. శౌరయ్య ఫోను ఎత్తటం లేదట. "పొద్దున్నే కాలవ అవతల చూస్తాను మదర్," అన్నాడు.

జసింత పక్కనే నిలబడి విన్నది. వెతకటానికి వెళ్లాడో, శౌరయ్యని జాగ్రత్తపడమని చెప్పటానికి వెళ్లాడో అనుకుంది. ఆ మాట పైకి అనలేదు. అననందుకు తనను తాను మెచ్చుకుంది కూడా.

మర్నాడు ప్రార్థన ముగిసి గుడిలోంచి బయటికి వస్తుండగా ఆసుపత్రి ముందు ఆటో ఆగింది. ఇన్నయ్య దిగాడు. చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది. వెనక సీట్లోంచి ఆ ఆడమనిషిని రెండు చేతులతో పట్టుకుని దించాడు.

కొంగు లేదు. దవడ కింద వాపు రెండు పక్కలా మెడ దాకా దిగి ఉంది. చర్మం ఎర్రగా, బిగుసుకుని మెరుస్తోంది. నోరు మూతపడటం లేదు, తెరుచుకోవటమూ లేదు. చొంగ గడ్డం మీదుగా కారుతోంది. గాలి పీల్చిన ప్రతిసారీ గొంతులో గురక.

జసింత గుర్తుపట్టింది. పుస్తకంలో చదివిన వాపు. పంటి కింద పుట్టిన చీము నాలుక కిందికి పాకి, నాలుకని పైకి నెట్టి, గొంతు దారిని మూసేసే వాపు. కొన్ని గంటలు ఆలస్యమైతే ఇక చేసేదేం ఉండదని దాని గురించి రాసి ఉంటుంది.

"పాకలో పడుంది సిస్టర్," అన్నాడు ఇన్నయ్య వగరుస్తూ. "శౌరయ్య పంపనన్నాడు. కోత ఆగిపోతుందంట." అలవాటు కొద్దీ బల్ల దగ్గరికి పరుగెత్తి మీట నొక్కాడు. "సిస్టర్, ఫైలు తెరుచుకోవటం లేదు. మీ పాస్‌వర్డు..."

"వదిలెయ్!" అని అరిచింది జసింత. ఆ ఆసుపత్రిలో ఆమె అరవటం అదే మొదలు.

రోజమ్మ మదర్ అప్పటికే ఆ అమ్మాయి వెనక నిలబడి, ఆమె వీపుని తన ఒంటికి ఆనించుకుని నిటారుగా కూర్చోబెట్టింది. "పడుకోబెట్టకండి. ఊపిరాడదు," అంది. జసింత ఇంజెక్షన్ ఇచ్చింది. కాన్వెంటు జీపు గుమ్మంలోకి వచ్చింది. ఈ వాపు ఇక్కడ కోసేది కాదు. పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్లాల్సిందే.

దారంతా జసింత ఆమెను రెండు చేతులతో నిటారుగా పట్టుకుని కూర్చుంది. ఆ గురక ఆగినప్పుడల్లా తన ఊపిరి కూడా ఆగేది. మళ్లీ మొదలైతే తనూ పీల్చేది.

నిన్న ఈమె మాట్లాడలేదు. దవడలు తెరుచుకోక. పెదవులు తుడుచుకుంది. చొంగ మింగలేక. గుటక దగ్గర ఆగి కళ్లు మూసుకుంది. కొంగు అదిమి పట్టుకుంది. మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా తెలిసే గుర్తులు. అన్నీ తను చూసింది. ఒక్కటీ వదలకుండా చూసింది.

పెద్దాసుపత్రిలో చీటీ రాసే గుమాస్తా తల ఎత్తకుండానే అడిగాడు. "పేషెంటుకి మీరేమవుతారు?"

జసింత నోరు తెరిచింది.  గుమాస్తా తల ఎత్తి, ఆమె తెల్ల బట్టలూ తల ముసుగూ చూసి, 'సిస్టర్' అని రాసుకుని లోపలికి పంపేశాడు.

లోపల దవడ కింద కోసి చీము తీశారు. ఊపిరికి గొట్టం వేశారు. ఆ గండం గడిచిందని డాక్టర్లు చెప్పేదాకా జసింత వరండాలోంచి కదల్లేదు. ఆ తర్వాత కూడా మఠానికి కబురు చేసి అక్కడే ఉండిపోయింది. గొట్టం తీశాక, ఆ పన్ను కూడా తీసేశాక, ఆమె మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టింది. అసలు పేరు ఉరుకుందమ్మ. కుడి వైపు కింది దవడలో చివరి పన్ను.

జసింత గిన్నెలో గంజి తాగిస్తుంటే ఉరుకుందమ్మ తనంతట తనే చెప్పింది.

"ఆయప్ప మాకు అన్న కాదమ్మా. మాకు తెల్సు, అబద్దమని. ఆయప్ప కార్డు మింద మందు ఇప్పిచ్చినాడంటే, కోత అయ్యేగంటా యాడికీ పోగూడదు. మొన్న మా కూలోళ్లలో గంగమ్మ, బిడ్డకి జరమొచ్చిందని, ఊరికి పోతాననె. 'నీ పన్ను ఎవురు పీకిచ్చినారు, మర్చిపోయినావా?' అనె ఆయప్ప. పోనియ్యలేదు."

జసింత చేతిలో చెంచా ఆగింది. అయితే తన అనుమానం నిజమే. అక్షరాలా నిజం. అది తెలిసిన క్షణం లోపల ఎక్కడో పాత చల్లదనం ఒక్కసారి దిగబోయింది. ఎదురుగా ఉరుకుందమ్మ గంజి కోసం నోరు తెరిచి కూర్చుని ఉంది. దవడ కింద కట్టు. నోరు రెండు వేళ్ల మందం తెరుచుకుంటోంది, అంతకు మించి ఇంకా రావటం లేదు.

ఆమె తమ్ముడు వచ్చి ఊరికి తీసుకెళ్లాక జసింత తిరిగొచ్చింది.

నేరుగా వెళ్లి ఇన్నయ్య ముందు నిలబడింది. "శౌరయ్య చెల్లెళ్ల సంగతి నీకు తెలుసు కదా?"

"తెలుసండి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే పంపించేస్తారని," అన్నాడు ఇన్నయ్య. "వాడు నాకు టీ పోయించి, నోరు తెరవొద్దనేవాడు. వాడి కోసం కాదండీ నేను తెరవనిది."

అతని చొక్కా భుజం మీద కొత్త కుట్టు కనపడుతోంది. జసింత ఏదో అడగబోయి, మానేసి, అతన్ని లేవమని తను కంప్యూటర్ ముందు కూర్చుంది. కరుణ పథకం తెరిచింది. నియమాలు వరసగా తెర మీదికి వచ్చాయి. మొదటి దాని మీద గీత పెట్టి తీసెయ్యబోతుండగా రోజమ్మ మదర్ వచ్చి వెనక నిలబడింది.

"నేను అనుకున్నది నిజమే మదర్," అంది జసింత వెనక్కి తిరగకుండా. "శౌరయ్య మోసం చేశాడు. ఆ కార్డు పెట్టి వాళ్లని కట్టేశాడు."

"నిజమే."

"అయినా ఆ అమ్మాయి నా చేతిలో చచ్చిపోయేది."

జసింత వేలు మళ్లీ మీట మీదికి పోయింది.

"ఇవన్నీ తీసేస్తాను. మీరు చెప్పినట్టే, ఎవరు వచ్చినా నమ్ముతాను."

"నమ్మమని నేనెప్పుడు చెప్పాను?" అంది మదర్.

జసింత తిరిగి చూసింది.

"తీసెయ్యకు. బాగానే ఉన్నాయి. పాకల్లో ఆడవాళ్లకి ఎవరి పేరున వాళ్లకి కార్డు రాయి. కాగితాలు ఊరినుంచి ఫోన్లో తెప్పించుకుంటారు. ఇన్నయ్య వెంట వెళ్లి నువ్వే రాసుకురా."

"శౌరయ్య కార్డు?"

"రద్దు చెయ్యి. పన్ను నొప్పి పెడితే మాత్రం రమ్మను."

"మరి నేనేం మార్చాలి మదర్?"

మదర్ వంగి, గోడలోంచి వైరు పీకింది. తెర ఆరిపోయింది. ఇన్నయ్య కంగారుగా కంప్యూటర్ ఎత్తి చంకన పెట్టుకున్నాడు. మదర్ వణికే చేతులతో బల్ల అంచు పట్టుకుని లాగింది. బల్ల కాస్త కదిలి, గచ్చు మీద కీచుమని ఆగిపోయింది.

"మదర్, ఏంటిది? నేను చేస్తాను, ఉండండి..."

"ఆ కొస పట్టుకో," అంది మదర్.

జసింత పట్టుకుంది. ఇద్దరూ బల్లని ఎత్తి గుమ్మంలోంచి లోపలికి తెచ్చారు. వైద్యం గదిలోకి తెచ్చారు. ఇక్కడ పెడతారేమోనని జసింత ఆగబోయింది. మదర్ ఆగలేదు. కుర్చీ పక్కనుంచి, దీపం పక్కనుంచి, చేతులు కడుక్కునే తొట్టి పక్కనుంచి వెనక్కి నడుస్తూ పోయింది. వైద్యం అయినవాళ్లు బయటికి పోయే వెనక వసారాలో, తలుపు అవతల దించింది. నడుము పట్టుకుని నిలబడింది. ఇన్నయ్య దాని మీద కంప్యూటర్ పెట్టి వైరు తగిలించాడు. తెర వెలిగింది. పథకం, ధరలు, వరసలు, రుజువులు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

జసింత ఆ బల్ల వంక చూసింది. అక్కణ్నించి వెనక్కి, ఖాళీగా ఉన్న గుమ్మం దాకా చూసింది. 

గుమ్మంలో ఎవరో దగ్గారు. ముసలాయన. ఒక చేత్తో దవడ పట్టుకున్నాడు, ఇంకో చేతిలో కార్డు. రోజూ బల్ల ఉండే చోట ఏమీ లేకపోయేసరికి అటూ ఇటూ చూశాడు.

"ఇది ఎవరికి చూపించాలమ్మా?"

జసింత తొట్టి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుంది.

"తర్వాత చూద్దాం తాతా," అంది. "రా, కూర్చో."

ఆయన కార్డు ఇంకా చాపుతూనే ఉన్నాడు. ఆమె దీపాన్ని ఆయన నోటి మీదికి వంచింది.